జెరాష్‌లో ఎవరి జాగ వాళ్ళది

జోర్డాన్ వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి మా స్టాఫ్‌రూములో అందరూ అడిగింది ఒక్కటే, అక్కడ బంగారం ధర ఎంతుందని. తెలియదంటే ఎవరూ నమ్మలేదు. సముద్రం దాటిపోయి బంగారం దుకాణం ముందు నిలబడకుండా తిరిగొచ్చే మనిషి మా బోధన్‌లో ఇంకా పుట్టలేదు. జోర్డాన్‌కూ దుబాయికీ సంబంధం లేదని చెప్పబోయి ఊరుకున్నాను. మా దిక్కు విమానం ఎక్కినవాళ్ళందరూ దుబాయి పోయినట్టే లెక్క.

కాబట్టి ముందే చెబుతున్నాను, ఇందులో బంగారం సంగతి లేదు. రోమన్ల కాలం నాటి ఒక చిన్న రంగస్థలం ఉంది. దాని రాతి మెట్ల మీద నేనూ మా ఆయనా మాట్లాడుకున్న నాలుగు మాటలున్నాయి. నిజానికి ఆ నాలుగు మాటల కోసమే నేను అంత దూరం పోయాను. అవి రంగస్థలంలో దొరుకుతాయని మాత్రం అప్పుడు తెలియదు.

బోధన్ నుంచి

నేను రుద్రూర్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన గంగారాం ఫిట్టరు. వాళ్ళ నాయన మా ఊరి చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈయన చేతిలోని పానా పట్టుకుని ముందు దుబాయి, తర్వాత సౌదీ, ఇప్పుడు జోర్డాన్‌లో బట్టల మిల్లు బాయిలర్ దగ్గర తేలాడు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది. మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్నది మాత్రం ఆయన సెలవుల్లోనే. మిగతా కాపురమంతా ఫోన్లో చేశాం. డ్యూటీ దిగగానే వాయిస్ మెసేజ్ పెడతాడు. మొదటి మాట ఎప్పుడూ "తిన్నవా?" అనే.

ఈసారి మిల్లువాళ్ళు మళ్ళీ మూడేళ్ళకు సంతకం పెట్టమన్నారు. ఇక చాలు, వచ్చేయమని నేను. ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా "సూద్దాం తియ్" అని మాట మార్చేవాడు. ఎదురుగా కూర్చుని అడిగితే తప్పించుకోలేడనిపించింది. హైదరాబాద్‌లో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి స్వాతి టికెట్టు కొనిపెట్టింది. దసరా సెలవుల్లో బయలుదేరాను. బతుకమ్మ ఆడకుండా ఎటు పోతున్నవని వాడకట్టు ఆడవాళ్ళు కోప్పడ్డారు. పెనిమిటిని చూడటానికంటే ఊరుకున్నారు, అదీ సగం నమ్మి.

ఇర్బిద్, రొట్టెల దుకాణం మీది గది

అమ్మాన్ విమానాశ్రయంలో మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. జుట్టు పలచబడింది. నన్ను చూసి "మంచిగొచ్చినవా?" అన్నాడు. ఆఁ అన్నాను. ఆయన మిల్లున్న ఇర్బిద్ ఊరు చేరేదాకా మా మధ్య నడిచింది అంతే. టాక్సీలో ఆయన డ్రైవరు పక్కన కూర్చున్నాడు, నేను వెనక నా సూట్‌కేసుతో కూర్చున్నాను.

ఆయన ఉండేది మిల్లు క్వార్టర్లలో, పదిమంది మగవాళ్ళతో. నా కోసం ఊళ్ళో ఒక రొట్టెల దుకాణం మీద గది అద్దెకు తీసుకున్నాడు. గదిలో సూట్‌కేసు తెరిచేసరికి నా మొదటి ఘనకార్యం బయటపడింది. మా తల్లిగారి ఊరు ఏర్గట్ల. అక్కడి పసుపు మోసుకెళ్ళకపోతే నాకు నిద్రపట్టదు. ఆ సంచి కాస్తా పగిలి, ఆయన కోసం నిజామాబాద్‌లో కొన్న చొక్కాలన్నీ పచ్చబడ్డాయి. ఆయన వాటిని దులిపి మడతపెట్టాడు. మరునాడు అందులోనే ఒకటి తొడుక్కుని డ్యూటీకి పోయాడు.

ఆ సాయంత్రం జరిగింది చెబితే మీరు నవ్వుతారు. నేనూ ముందు నవ్వాను. ఆయన రొట్టెలు తెస్తానని కిందికి దిగాడు. రెండు నిమిషాల్లో నా ఫోన్ మోగింది. దుకాణం ముందు వరుసలో నిలబడి చేస్తున్నాడు. ఇక్కడ రొట్టెలను కిలోల లెక్కన తూకం వేసి ఇస్తారని, కిలో మన నలభై రూపాయల లోపేనని, తనతో పనిచేసే బంగ్లాదేశ్ వాళ్ళు పచ్చ చొక్కా చూసి మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నావా అని పొద్దంతా ఏడిపించారని, ఒకటే ముచ్చట. మంచం మీద కూర్చుని హాయిగా విన్నాను. మాట్లాడుతూనే మెట్లెక్కాడు. తలుపు తీశాడు. నన్ను చూశాడు. ఫోను జేబులో పెట్టుకుని, రొట్టెలు న్యూస్‌పేపరు మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. తర్వాత పడుకునేదాకా "ఉప్పు సరిపోయింది" అన్నది తప్ప ఏమీ అనలేదు.

ఫోన్లో మాట్లాడిన మనిషి మెట్ల మీదే ఆగిపోయాడనిపించింది. ఆయననే ఎందుకనాలి, నాకూ నోరు రాలేదు. సంతకం మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగేది. బోధన్‌లో ఒంటరిగా ఉండటం నాకు అలవాటే, అందులో బాధ లేదు. కానీ మనిషి చేయి చాపితే తగిలేంత దూరంలో ఉండగా ఒంటరిగా ఉండటం నాకు కొత్త. చాలా కష్టంగా గడిచాయి ఆ రోజులు.

అబూ సమీర్ కుర్చీ

ఆయనకు శుక్రవారం తప్ప సెలవు లేదు. పగలంతా నాకు దిక్కు ఆ గది అద్దెకిచ్చిన ఇంటావిడే. పేరు ఏదో ఉంది గానీ అందరూ ఉమ్మ్ సమీర్ అంటారు, అంటే సమీర్ వాళ్ళమ్మ. మన దగ్గరా ఆడవాళ్ళ అసలు పేర్లు రేషన్ కార్డులోనే కదా బతికేది. నాకు కొడుకు లేడని తెలిసి ఒక క్షణం ఆగి, సరేలెమ్మని నన్ను ఉమ్మ్ స్వాతిని చేసింది.

ఆమెకు అరబ్బీ తప్ప రాదు, నాకు అందులో ఒక్క ముక్క రాదు. అయినా కాలక్షేపానికి లోటు లేకపోయింది. మా నిజామాబాద్ మాటల్లో కలిసిపోయిన ఉర్దూ అక్కడ అక్కరకొచ్చింది. కుర్సీ అంటే కుర్చీ, సాబూన్ అంటే సబ్బు, జవాబ్ అంటే జవాబే. అవి ఆలివ్ కాయలు దిగే రోజులు. ఆమె నేల మీద కూర్చుని పచ్చికాయలను ఒక్కొక్కటిగా రాయితో చితక్కొట్టి ఉప్పునీళ్ళలో వేసేది. మామిడికాయ తొక్కుకు కత్తిపీట పట్టిన చేయి కాబట్టి నాకు ఆ పని తొందరగానే పట్టుబడింది. బదులుగా నేను జొన్నరొట్టెలు చేశాను. కర్ర లేకుండా అరచేత్తో తట్టడం చూసి ఆమె నా చేయి తిప్పి తిప్పి చూసింది. రొట్టె రుచి మాత్రం ఆమెకు పెద్దగా నచ్చలేదు, మర్యాదకు తిన్నది. వాళ్ళ టీలో పుదీనా, చక్కెర సగం సగం. చెరుకు పండించే ఊరి దాన్ని, నేనే తట్టుకోలేకపోయాను.

ఒకరోజు నడుము పట్టేసి, కిటికీ దగ్గరున్న కుర్చీలో కూర్చోబోయాను. ఆమె గబుక్కున నా మోచేయి పట్టుకుని ఆపింది. "లా, లా. కుర్సీ అబూ సమీర్" అంది. సమీర్ వాళ్ళ నాయన కుర్చీ అది. ఆయన పోయి చాలా ఏళ్ళయిందని సైగలతో చెప్పింది. దాని మీది దిండు గలీబును ఆమె వారం వారం ఉతుకుతుంది. ఎవరూ అందులో కూర్చోరు. నాకు కోపం రాలేదు గానీ, పోయినవాడికి ఇంట్లో ఇంత జాగా ఉంచారే అని లోపల ఏదో గుచ్చుకుంది. ఏమిటో అప్పుడు తెలియలేదు.

జెరాష్, జనమున్న చోటు

శుక్రవారం జెరాష్ పోదామన్నాడు, అదీ ఫోన్లోనే, మిల్లు నుంచి. రోమన్లు కట్టిన ఊరు, భూమిలో కూరుకుపోతే తవ్వి తీశారు. ఇర్బిద్ నుంచి మినీబస్సులో గంటలోపే. అక్కడ పని చేసుకునేవాళ్ళకు టికెట్టు నామమాత్రం, నాలాంటి చుట్టపు చూపు వాళ్ళకు పది దీనార్లు, మన పన్నెండు వందల దాకా.

పెద్ద కమాను దాటితే స్తంభాల వీధి వస్తుంది. రెండు పక్కలా స్తంభాలు, పైన కప్పు లేదు, ఆకాశమే. కింద పరిచిన బండల మీద బండి చక్రాలు అరగదీసిన గాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు మా ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్లు వరుస కడితే మట్టిలో అచ్చం అలాంటి గాళ్ళే పడేవి. మా ఆయన వంగి ఒక గాడిలో వేలు పెట్టి లోతు చూశాడు. ఆయనకూ అదే గుర్తొచ్చిందో లేదో అడగలేదు.

దక్షిణం పక్క పెద్ద రంగస్థలంలో తిరునాళ్ళంత జనం. తలగుడ్డలు కట్టిన ముగ్గురు అరబ్బు ముసలివాళ్ళు తోలుసంచి చంకలో పెట్టుకుని సన్నాయిలాంటిది ఊదుతున్నారు. ఇంగ్లిషువాళ్ళ పాలనలో అంటుకున్న వాద్యమట. మన పెళ్ళి బ్యాండు వాళ్ళలాగే వాళ్ళకూ ఎదుటివాడి చేతిలో నోటు కనిపిస్తే ఊపొస్తుంది. అట్టడుగు మెట్టు కింద గోడలో వరసగా గుంటలున్నాయి. ఒక గుంటలో ఒకరు తల పెట్టి గుసగుసలాడితే, దూరాన ఇంకో గుంట దగ్గరున్నవారికి వినిపిస్తుంది. తెల్లవాళ్ళు వంతులు వేసుకుని తలలు పెట్టి నవ్వుకుంటున్నారు. మా ఆయన యంత్రం చూసినట్టు చూసి తల పంకించాడు. మేము మాత్రం తలలు పెట్టలేదు. ఏం మాట్లాడుకోవాలి?

చిన్న రంగస్థలం

ఉత్తరం కొసన ఇంకొకటి ఉంది, చిన్నది. అక్కడికి గుంపులు రావు. అర్ధచంద్రాకారంలో మెట్లు, మధ్యలో బండలు పరిచిన నేల, అంతే. వాకిట్లో కూర్చున్న కాపలా మనిషి ఫ్లాస్కులోంచి మాకు టీ పోశాడు. మా ఆయనకు అరబ్బీ బాగానే వచ్చు. ఆయన అడుగుతూ నాకు చెప్పాడు. ఇది మొదట నాటకాలకు కాదు, ఊరి పెద్దలు సభ చేయడానికి కట్టినదట. మెట్ల మీద అక్కడక్కడా గ్రీకు అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఏ తెగ వాళ్ళు ఎక్కడ కూర్చోవాలో ఆ పేర్లట. నేను ఒక అక్షరాన్ని వేలితో తడిమి చూశాను. అరిగిపోయింది గానీ వేలికి తగులుతోంది.

మెట్ల మీదే కూర్చుని తెచ్చుకున్న రొట్టె, శనగల గారెలు తిన్నాం. వాళ్ళు ఫలాఫెల్ అంటారు గానీ, కొత్తిమీర ఎక్కువైన శనగ గారెలే అవి. తిన్నాక ఆయన లేచి, రాళ్ళను ఎలా అతికించారో చూస్తానని మెట్ల వెంబడే పోయి, ఆ కొసన కూర్చున్నాడు. నేను ఈ కొసన. మధ్యలో ఖాళీ నేల. పిట్ట కూడా లేదు.

దాహమేసింది. అరవకుండా, మామూలుగానే అడిగాను.

"ఇగో, నీళ్ళ సీస నీ దగ్గర్నే ఉన్నదా?"

"ఉన్నది," అన్నాడు ఆయన, పక్కన కూర్చుని అన్నంత స్పష్టంగా. ఒక క్షణం ఆగి, "తిన్నవా?" అన్నాడు.

నవ్వు ఆగలేదు నాకు. ఇప్పుడే ఒక కాగితంలో కలిసి తింటిమి గదా అన్నాను. ఆయనా నవ్వాడు. నోటికి అలవాటైపోయిందన్నాడు. ఇక అక్కడినుంచి మొదలైంది. స్వాతి డ్యూటీల సంగతి, రుద్రూర్ రోడ్డు సంగతి, ఈసారి వానలకు చెరుకు ఎట్లున్నదని, పక్కింటి వాళ్ళ గొడవ తీరిందా అని, వరసబెట్టి అడిగాడు. ఇద్దరం మధ్యలోని నేల వైపే చూస్తున్నాం, ఫోను మాట్లాడేటప్పుడు గోడ వైపు చూసినట్టు. నా గొంతు తిరిగి ఎదురొస్తుంటే ధైర్యమొచ్చింది.

"సంతకం పెట్టినవా?" అన్నాను.

"ఇంకా పెట్టలే."

"పెట్టకు. ఇంటికి రా."

ఆయన నీళ్ళ సీసా మూత తీసి, మళ్ళీ బిగించాడు.

"ఇంటికొచ్చి ఏడ గూసోవాలె?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. గదులన్నీ నువ్వు కట్టించినవే కదా, కూర్చోవడానికి జాగా లేదా అన్నాను.

"కట్టిచ్చిన. కనీ ఉన్ననా అండ్ల? పోయినసారి నీళ్ళు తాగుదామంటే నాకు గిలాస దొరకలే. అన్ని అల్మారీలు తీసి సూసిన. ఆఖరికి చెంబుతోని తాగిన. నువ్వొచ్చి నవ్వినవు. పక్కింటోళ్ళకు చెప్పి గూడ నవ్వినవు." అంతవరకు మామూలుగానే అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు, అయినా నాకు వినిపించింది. "నా ఇంట్ల నాకు గిలాస ఏడుంటదో తెల్వదు సుగుణా. ఈ బండల మీదనన్న రాసున్నది, ఎవడు ఏడ గూసోవాలెనో. నాదేడ?"

ఇన్నాళ్ళూ ఆయన డబ్బు కోసమే అక్కడ ఉన్నాడనుకున్నాను. ఒక్కోసారి ఇంకా చెడ్డగా కూడా అనుకున్నాను. ఇంటికి రావడానికే భయపడుతున్నాడని ఒక్కనాడూ అనుకోలేదు. ఆయన వచ్చిన ప్రతిసారీ మంచానికి కొత్త దుప్పటి వేసేదాన్ని, చుట్టాలకిచ్చే కప్పుల్లో చాయ్ ఇచ్చేదాన్ని, పని ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. అది ప్రేమ అనుకున్నాను. ప్రేమే. కానీ చుట్టాన్ని చూసుకునే ప్రేమ. ఉమ్మ్ సమీర్ నా మోచేయి పట్టుకున్నప్పుడు గుచ్చుకున్నదేమిటో అప్పుడు తెలిసింది.

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే అదీ ఆయనకు వినిపిస్తుందని పెదవి కొరుక్కుని కూర్చున్నాను. ఇంతలో ఒక టూరిస్టుల గుంపు జెండా పట్టుకున్న గైడు వెంట లోపలికొచ్చింది. ఆయన లేచి, మెట్ల వెంబడే నడిచి వచ్చి, నీళ్ళ సీసా నా చేతికిచ్చాడు. మళ్ళీ ఇద్దరం పక్కపక్కన ఉన్నాం, మళ్ళీ మాటలు లేవు.

అమ్మాన్, చెరుకు రసం

నేను తిరిగొచ్చే రోజు అమ్మాన్ పాత బజారులో ఆయన నన్ను ఒక దుకాణం ముందుకు తీసుకుపోయాడు. చూస్తే చెరుకు రసం! బోధన్ ఆడదానికి అరబ్బు దేశంలో చెరుకు రసం తాగించాలన్న ఆలోచన ఈయనకే రావాలి. గ్లాసు అర దీనారు, మన అరవై రూపాయలు. చెరుకు బయటి దేశం నుంచి వచ్చిందట. నీళ్ళెక్కువ, తీపి తక్కువ. మన చెరుకు ముందు దిగదుడుపే అన్నాను. "అందుకే తాగిపిచ్చిన," అన్నాడు, నవ్వకుండా.

విమానాశ్రయంలో ఉమ్మ్ సమీర్ పంపిన ఆలివ్ కాయల సీసా నా చేతిలో పెట్టి, "పైలం" అన్నాడు. నేను లోపలికి పోయి సోదా దాటానో లేదో ఫోన్ మోగింది. సీసా మూత గట్టిగా బిగించాను గానీ నిలువుగానే పెట్టమని, విమానంలో చలేస్తే శాలువా అడగమని, తన చొక్కాకు పసుపు మళ్ళీ ఉతికినా వదల్లేదని చెప్పాడు. అద్దాల అవతల ఎక్కడో నిలబడే మాట్లాడుతున్నాడు. సంతకం మాట ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు.

మళ్ళీ బోధన్

తెల్లవారి నిజామాబాద్‌లో బస్సు మారాను. కంఠేశ్వర్ దగ్గర ఆటోల రొద, హారన్లు చెవిన పడితే ప్రాణం లేచొచ్చింది. బోధన్ దాకా రోడ్డు పక్క చెరుకు నిలువెత్తు పెరిగి ఉంది. ఇంటి తాళం తీశాను. లోపల గాలి ఆడక మూసిన వాసన.

ముందు వంటింట్లోకే పోయాను. పొయ్యి పక్క స్టాండులో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా. మిగతావన్నీ ఏవని వెతికితే, సజ్జ మీద గోనెసంచిలో మూటగట్టి ఉన్నాయి. కట్టింది నేనే. ఒక్కదానికి ఇన్నెందుకని ఎప్పుడో కట్టి పైకెక్కించాను. ఆయన తప్పేముంది, ఆ ఒక్క గ్లాసు నా చేతిలో ఉంటే ఆ ఇంట్లో ఇంకొకటి దేవుడికి కూడా దొరకదు. సంచి వైపు చూస్తూ అక్కడే నిలబడి, జెరాష్‌లో ఆపుకున్న ఏడుపంతా ఏడ్చాను. వినడానికి ఎవరూ లేరు.

నాలుగు రోజులకు, బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగా వాయిస్ మెసేజ్ వచ్చింది. "తిన్నవా?" తోనే మొదలైంది.

"సంతకం పెట్టలే. ఉన్న కాంట్రాక్టు ఒడిసినంక అస్త. ఒక ముచ్చట. గిలాసలు ఏడుంటయో ఇప్పుడే జెప్పు. యాదుంచుకుంట. అచ్చినంక అడిగితే సుట్టపోని లెక్కయితది."

స్టూలు వేసుకుని సంచి కిందికి దించాను. గ్లాసులన్నీ తోమాను. ఎక్కడ పెట్టాలో కాసేపు ఆలోచించి, ఒకచోట పెట్టి, వాకిట్లోంచి కొత్తగా వచ్చినట్టు నడిచొచ్చి చూశాను. అప్పుడు ఫోను తీసి బటన్ నొక్కిపట్టాను.

"ఇగో, ఇను. వాకిట్ల నుంచి సీదా లోపటికి రా. పొయ్యికి ఎడమ దిక్కు అర ఉంటది, దానికి తలుపు లేదు. అండ్లనే పెట్టిన. నిలవడి చెయ్యి సాపితే అందుతయి."